మాస్టారి పలక: గడప మీది వెలుగు



కిందటి నెల మందుల డబ్బాలమీద, బ్యాంకు కార్డులమీద తళతళ మెరిసే బిళ్లను గురించి నాలుగు ముక్కలు రాసినాను గదా. అది చదివి బరంపురం నుండి వొక సోదరి వుత్తరం రాసినారు. "మాస్టారూ, ఆ బిళ్లను గోటితో గీకి చూసినాను. వుల్లిపొరకంటె పలచగా వున్నది. అందులో బొమ్మకు అంత లోతు యెక్కడినుండి వచ్చినది? అది యింకా పలచనైతే బొమ్మ నిలుస్తుందా, పోతుందా?" అని ఆమె ప్రశ్న.

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. రెండవదానికి జవాబు చెప్పాలంటే, బడిలో నేను చేసిన వొక పాత తప్పును కూడా ఒప్పుకోవలసి వున్నది. అందుచేత యీ నెల పలక అంతా ఆ రెండవ ప్రశ్నకే.

ముందుగా హోలోగ్రాం అంటే యేమిటో చూదాం. మామూలు ఫోటో తీసేటప్పుడు ఫిలిం మీద పడేది వెలుగు లెక్క మాత్రమే. యిక్కడ యెక్కువ పడింది, అక్కడ తక్కువ పడింది, అంతే. కాని వెలుగు వొక అల. అలకు యెత్తూ పల్లమూ వుంటాయి. వస్తువులో వొక మూలనుండి వచ్చే అల కాస్త ముందుగాను, మరొక మూలనుండి వచ్చేది కాస్త వెనుకగాను వస్తాయి. ఆ ముందువెనుకలలోనే వస్తువు లోతు దాగి వున్నది. ఫోటో దానిని పారవేస్తుంది. హోలోగ్రాం దాచుకుంటుంది.

యెట్లా దాచుకుంటుందంటారా? నేను వుండేది షోలాపురం. యిక్కడ మన వాళ్ల యిళ్లలో మగ్గం చప్పుడు వినకుండా పెరిగినవాడు లేడు, కాబట్టి మగ్గం మాటే చెబుతాను. పడుగు వొక్కటే వుంటే బట్ట కాదు, దానికి పేక అడ్డుపడాలి. వస్తువునుండి వచ్చే వెలుగు పడుగు అనుకోండి. అదే లేసరు దీపంనుండి చీల్చి తెచ్చిన రెండవ కిరణం పేక. రెండూ ఫిలిం మీద కలిసినచోట, యెత్తుతో యెత్తు కలిస్తే వెలుగు, యెత్తుతో పల్లం కలిస్తే చీకటి. వెలుగుచీకట్ల సన్నని గీతలు నేతలాగా యేర్పడి ఫిలింలో నిలిచిపోతాయి. దీనినే వ్యతికరణం అన్నారు. తరువాత వస్తువును తీసివేసి, పేక కిరణాన్ని వొక్కదానినే ఆ ఫిలిం మీదికి పంపితే, పడుగు తనంతట తాను లేచి వస్తుంది! మగ్గం మీద యెన్నడూ జరగని వింత యిది. వస్తువునుండి బయలుదేరిన అల మళ్లీ బయలుదేరినట్లే కనుక, కంటికి వస్తువే కనబడుతుంది. తల పక్కకు జరిపితే దాని పక్కభాగమూ కనబడుతుంది.

అంటే అమ్మా, లోతు పొర మందంలో లేదు, గీతల అల్లికలో వున్నది. మీ మొదటి ప్రశ్నకు అదే జవాబు.

దీనిని కనిపెట్టినవాడు డెనిస్ గేబర్. 1900లో బుడాపెస్టులో పుట్టి, ఇంగ్లండులో రగ్బీ పట్టణంలో వొక విద్యుత్ కంపెనీలో పనిచేసినాడు. 1947లో ఈస్టరు పండుగనాడు టెన్నిసు ఆటకు తన వంతు కోసం కాచుకుని కూర్చున్నప్పుడు యీ ఆలోచన తట్టిందని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. మరుసటి యేడు లోకానికి వెల్లడించినాడు. కాని అప్పటికి లేసరు లేదు. పాదరసపు దీపంతో పేకా పడుగూ సరిగా కుదరక, ఆ ఆలోచన యించుమించు పదిహేనేళ్లు మూలపడి వున్నది. 1960లో లేసరు పుట్టినది. 1962లో రష్యాలో డెనిస్యుక్ వొక దారిన, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో లీత్, ఉపట్నీక్స్ అనే యిద్దరు మరొక దారిన యీ పనిని నిలబెట్టినారు. 1964లో యీ యిద్దరూ చూపించిన బొమ్మ రైలు హోలోగ్రాం చూసి జనం గాజుపలక వెనుక నిజంగా రైలు వున్నదేమో అని తొంగి చూసినారట. గేబరుకు 1971లో నోబెలు బహుమానం వచ్చినది.

యిక్కడ వొక్క మాట. సభలలో, నాటకాలలో మనిషి వేదికమీద గాలిలో నిలిచి మాట్లాడితే పత్రికలవాళ్లు దానిని కూడా "హోలోగ్రాం" అని రాస్తున్నారు. అది హోలోగ్రాం కాదు. వాలుగా నిలిపిన పారదర్శకమైన తెరమీద ప్రతిబింబం. 1862లో లండనులో పెప్పర్ అనే ఆయన దయ్యాన్ని చూపించడానికి వాడిన ఉపాయమే అది. చూడడానికి బాగుంటుంది, నేను కాదనను. పేరు మాత్రం తప్పు.

యిక నా తప్పు సంగతి.

చాలా యేళ్ల కిందట, యెనిమిదో తరగతికి సంపూర్ణాంతర పరావర్తనం చెబుతున్నాను. గాజులోనుండి గాలిలోకి పోయే కిరణం నిటారుగా వస్తే గడప దాటి బయటికి పోతుంది. బాగా వాలుగా వస్తే దాటలేక మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఆ వాలుకు వొక హద్దు వున్నది. దానికి సందిగ్ధ కోణం అని పేరు. గాజుకు అవతల గాలి వుంటే ఆ కోణం సుమారు 42 డిగ్రీలు, నీరు వుంటే సుమారు 63 డిగ్రీలు. యిది చెప్పి, బల్లమీద బొమ్మ వేసి, "యీ గీత దాటి వెలుగు రవ్వంతైనా పోదు" అన్నాను.

వెనుక బెంచీ పిల్లవాడు వొకడు లేచి, "సారూ, అవతల వున్నది గాలా నీళ్లా అని వెలుగుకు యెట్లా తెలిసింది? గీత దాటి చూడకుండానే తెలిసిందా?" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వినాను. "వెలుగుకు కళ్లుంటాయట్రా, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు కాని, పరీక్షలో "కొంచెం దాటి చూసి వస్తుంది" అని రాసినాడు. నేను ఎర్ర సిరాతో కొట్టేసి రెండు మార్కులు తీసేసినాను.

పాఠక మహాశయులారా, వాడే రైటు. నేను తప్పు.

వెలుగు గడప దాటుతుంది. అవతలికి వొక అడుగు వేసి, అక్కడి సంగతి కనుక్కున్నట్లుగా, మళ్లీ వెనక్కి వస్తుంది. అవతలికి వెలుగు శక్తి పారిపోదు కనుక లెక్క ప్రకారం మొత్తం వెనక్కి తిరిగినట్లే. కాని గాజు పైముఖాన్ని అంటిపెట్టుకుని, అవతలవైపున, పలచని వెలుగు వొకటి వుంటుంది. పైకి పోయేకొద్దీ అది గబగబా తగ్గిపోయి, అల పొడుగులో కొద్దిపాటి దూరంలోనే మాయమవుతుంది. శాస్త్రజ్ఞులు దానికి "ఇవనెసెంట్" అల అని పేరు పెట్టినారు. ఇట్టే మాయమయ్యేది అని అర్థం. నేను దానిని గడప వెలుగు అంటాను.

యిది కొత్త సంగతి కూడా కాదు. న్యూటను తన దృష్టిశాస్త్ర గ్రంథం 1704లో అచ్చువేసినాడు. పట్టకం ముఖానికి కాస్త వుబ్బుగా వున్న కటకాన్ని ఆనిస్తే, రెండు గాజులూ నిజంగా తాకిన చోటే కాక, దాని చుట్టూ సన్నని సందు వున్నచోట కూడా వెలుగు దాటిపోవడం అందులో రాసినాడు. 1897లో మన జగదీశ చంద్ర బోసు కలకత్తాలో యిదే సంగతిని విద్యుత్ తరంగాలతో చూపించినాడు. ఆయన తరంగాల పొడుగు సెంటీమీటర్ల లెక్కలో వుండేది కాబట్టి, రెండు పట్టకాల మధ్య సందును చేత్తోనే యెక్కువ తక్కువ చేసి, తరంగం యెప్పుడు దాటుతుందో యెప్పుడు దాటదో కొలవగలిగినాడు. మళ్లీ 1947లో, గేబరుకు ఆలోచన తట్టిన ఆ యేడే, జర్మనీలో గూస్, హెంషెన్ అనే యిద్దరు మరొకటి కొలిచినారు. వెనక్కి తిరిగే కిరణం, తగిలినచోటునుండి కాక, రవ్వంత పక్కకు జరిగి తిరుగుతుంది! లోపలికి పోయి వచ్చినదానికి గుర్తు అదే గదా. యివన్నీ అచ్చులో వుండగానే నేను ఆ పిల్లవాడిని కూర్చోబెట్టినాను.

మీ కంటితో చూడాలంటే ప్రయోగశాల అక్కరలేదు. నున్నని గాజుగ్లాసునిండా నీళ్లు పోసి చేత్తో పట్టుకోండి. పైనుండి, నీటిగుండా, గ్లాసు పక్క గోడలోపలికి చూడండి. గోడ వెండిపూత పూసినట్లు మెరుస్తుంది. అదే సంపూర్ణాంతర పరావర్తనం. పొడివేళ్లు సరిగా కనబడవు. యిప్పుడు వేళ్లు కాస్త తడిచేసి గట్టిగా నొక్కండి. వెండిమీద వేలిముద్ర గీత గీతగా తేలుతుంది. గాజును ఆనిన గీత గడప వెలుగును లాగేసుకుంటుంది. గీతల మధ్య పల్లం ఆనదు కాబట్టి అక్కడ వెండి అట్లాగే వుంటుంది. వేలిముద్ర చదివే యంత్రాలలో గాజుమీద వేలు పెట్టించుకునేవి చాలావరకు యీ సూత్రంమీదనే నడుస్తాయి. వంట పనీ మగ్గం పనీ చేసి గీతలు అరిగిపోయిన పెద్దవాళ్ల వేలు యంత్రానికి యెందుకు పట్టదో కూడా దీనినిబట్టి తెలుస్తుంది. గాజును ఆనడానికి అక్కడ గీత మిగిలితే గదా!

సరే, గడప వెలుగు వున్నది. దానితో బొమ్మ రాయవచ్చునా?

1967లో కార్ల్ స్టెట్సన్ పూర్తిగా వెనక్కి తిరిగే వెలుగుతో హోలోగ్రాం తీయవచ్చునని చూపించినాడు. ఆ వెంటనే, 1968, 69 ప్రాంతాలలో, జర్మనీలో నాసెన్‌స్టీన్, మరొకచోట బ్రింగ్‌డాల్, గడప వెలుగునే పేకగా వాడి హోలోగ్రాములు రాసినారు. పద్ధతి యిది. వొక పట్టకం తీసుకుని, దాని ముఖంమీద పలచగా ఫిలిం పొర పూస్తారు. లేసరు కిరణాన్ని పట్టకంలోపలినుండి, బాగా వాలుగా, ఆ ముఖానికి తగిలిస్తారు. అది మొత్తం లోపలికే తిరిగిపోతుంది, పొరలో దాని గడప వెలుగు మాత్రం వుంటుంది. వస్తువునుండి వచ్చే వెలుగు అవతలివైపునుండి మామూలుగా వచ్చి పొరమీద పడుతుంది. రెండూ కలిసేది ఆ పలచని మేరలోనే. నేత అక్కడే జరుగుతుంది. కావలసివస్తే రెండు కిరణాలనూ పట్టకంలోనుండే పంపి, రెండు గడప వెలుగులనే వొకదానితో వొకటి నేయవచ్చును.

వొక చిక్కు వున్నది. గాజుకూ గాలికీ మధ్య పని తేలికే. కాని యిక్కడ అవతల వున్నది గాలి కాదు, ప్లాస్టిక్ పొర. దాని వక్రీభవన గుణకం సుమారు 1.5, అంటే మామూలు గాజుకు సమానం. రెండూ సమానమైతే గడపే లేదు, వెలుగు తిన్నగా నడిచిపోతుంది. అందుకని 1.8 గుణకం వున్న బరువైన గాజుతో పట్టకం చేస్తారు. అప్పుడు సందిగ్ధ కోణం సుమారు 56 డిగ్రీలు. 65 డిగ్రీల వాలులో ఎర్ర లేసరు పంపినామనుకోండి. దాని అల పొడుగు 633 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతులు 633. లెక్క వేస్తే గడప వెలుగు సుమారు 157 నానోమీటర్ల లోతుకే బలంలో మూడోవంతుకు కాస్త పైన మిగులుతుంది. తలవెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. దానిలో నాలుగు వందలో వంతు లోతున బొమ్మ అంతా రాయడం అయిపోవాలి!

మామూలు హోలోగ్రాం పలకల మీద వెండి ఉప్పు పూత సాధారణంగా యేడెనిమిది మైక్రాన్ల దాకా వుంటుంది. యిక్కడ దానిలో యాభయ్యో వంతు చాలు. పైగా గీతలు యింకా దగ్గరపడతాయి. గాలిలోనుండి వచ్చి పొరమీద వాలే రెండు ఎర్ర కిరణాలు యెంత ప్రయత్నించినా మిల్లీమీటరుకు మూడువేల పైచిలుకు గీతలకంటె వేయలేవు. యెదురెదురుగా నడిచే రెండు గడప వెలుగులు పైన చెప్పిన లెక్కన అయిదువేలు దాటిస్తాయి. అంగుళానికి నూరు పోగుల బట్ట అంటే మనం మంచి నేత అంటాం. అది మిల్లీమీటరుకు నాలుగు పోగులు.

యింతకూ పొరలో గీత నిలిచేది యెట్లా? యిక్కడ ప్లాస్టిక్కును మెచ్చుకోవాలి. యీ పనికి వాడే పొరలో చిన్న చిన్న అణువులు విడివిడిగా వుంటాయి. వెంట రంగుద్రవ్యం కొంచెం కలుపుతారు. వెలుగుగీత పడినచోట రంగు ఆ వెలుగును పట్టి అణువులను రెచ్చగొడుతుంది, అవి చేయీ చేయీ పట్టుకుని గొలుసులౌతాయి. పక్కన చీకటిగీతలో వున్న అణువులు కూడా ఖాళీ అయినచోటికి జరిగివచ్చి గొలుసులో చేరుతాయి. కొంతసేపటికి వెలుగుగీతలలో పదార్థం వొత్తుగాను, చీకటిగీతలలో పలచగాను తయారవుతుంది. ఫోటో ఫిలింలాగా చీకటిగదిలో మందునీళ్లలో కడగనక్కరలేదు. బొమ్మ తీస్తుండగానే తయారవుతుంది. యిది వొక జాతి పొర. మరొక జాతిలో అజోబెంజీను అనే అణువులు వుంటాయి. వెలుగు తగిలితే అవి వంగి, తిరిగి, సర్దుకుంటాయి. 1995లో కెనడాలో వొక జట్టు, అమెరికాలో సుకాంత త్రిపాఠీ, జయంత్ కుమార్ వున్న జట్టు, వేరువేరుగా వొక చిత్రం చూసినారు. వెలుగుచీకట్ల గీతలు పడితే యీ పొర పైముఖమే మిట్టపల్లాలుగా లేస్తుంది, దుక్కి దున్నినట్లు!

గడప వెలుగుతో ప్లాస్టిక్ గొలుసులు కట్టించే పనిమీద 1990ల చివరనుండి శ్రద్ధ పెట్టినవారిలో ఫ్రాన్సులోని మ్యూలూజ్ పట్టణంవారు వున్నారు. వారితో కలిసి బల్గేరియావారు చాలా సన్నని పొరలలో హోలోగ్రాములు రాసినారు. మ్యూలూజ్ పేరు చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయినాను. అది అద్దకం బట్టల వూరు. 1746లో అక్కడ మొదటి అద్దకం కర్మాగారం పెట్టినప్పుడు వాళ్లు చేసిన బట్టలకు "ఇండియెన్" అనే పేరు. మన దేశపు అద్దకాలకు నకళ్లన్నమాట. బందరు రేవునుండి ఓడలెక్కిన కలంకారీ గుడ్డలు యూరపు జనాన్ని మరిగించకపోతే ఆ కర్మాగారాలు లేచేవి కావు. గుడ్డమీద రంగు పొరను నిలబెట్టిన వూరే, మూడో శతాబ్దం దగ్గరపడేసరికి, గాజుమీద వెలుగు పొరను నిలబెడుతున్నది. యీ ముక్కకూ హోలోగ్రాముకూ సంబంధం లేదనేవారు లేదనుకోండి, నేతగాళ్ల వూళ్లో వున్నవాడిని, రాయకుండా వుండలేకపోయినాను.

దీనిలో లాభం యేమిటని అడుగుతారు. నాకు నచ్చినది వొకటి చెబుతాను. మామూలు హోలోగ్రాం చూసేటప్పుడు బొమ్మను లేపే కిరణం కూడా ఫిలిం దాటి వచ్చి కళ్లలో పడే బెడద వుంటుంది. యిక్కడ ఆ కిరణం పట్టకంలోకే తిరిగిపోతుంది. గడప దాటి బయటికి వచ్చేది బొమ్మ వెలుగు మాత్రమే. దీనికి బంధువైన పద్ధతిలోనే ఇప్పుడు కొన్ని రకాల కళ్లజోళ్లు చేస్తున్నారు. వెలుగు అద్దం మందంలోపల అటూయిటూ తగులుతూ పాకి వస్తుంది, అద్దానికి అంటించిన హోలోగ్రాం పొర దానిని కంటివైపు మళ్లిస్తుంది. పెట్టుకున్నవాడికి యెదుటి దృశ్యంమీదనే అక్షరాలు కనబడతాయి.

నష్టాలూ వున్నాయి, దాచను. పొర అంత పలచనైతే, పడిన వెలుగులో బొమ్మగా మారేది కొద్దిపాటే. బొమ్మ మసక. కిరణం వాలు కొంచెం మారినా గడప వెలుగు లోతు మారిపోతుంది. రాసేటంతసేపు బల్ల అల పొడుగులో పదోవంతు కూడా కదలరాదు, వీధిలో లారీ పోయినా పని చెడుతుంది. గొలుసులు కట్టేటప్పుడు ప్లాస్టిక్కు కొంచెం ముడుచుకుంటుంది, గీతల మధ్య దూరం తప్పుతుంది. గోడకు తగిలించే పెద్ద పటానికి యీ పద్ధతి పనికిరాదని నా అభిప్రాయం. దీని చోటు చిన్న వస్తువులలో, గాజును అంటిపెట్టుకుని వున్న వస్తువులలో.

మసకకు మందు వెండిలో దొరికింది. పలచని వెండి పొరమీద వెలుగు సరిగ్గా తగిన వాలులో తగిలితే, వెండిలోని ఎలక్ట్రానులు కలిసికట్టుగా వూగి, ముఖాన్ని అంటిపెట్టుకుని పాకే అల వొకటి లేస్తుంది. గడప వెలుగు అక్కడ చాలా రెట్లు బలపడుతుంది. 1970లలోనే యిటువంటి అలలతో హోలోగ్రాములు తీసినవారు వున్నారు. 2011లో జపానులో సతోషి కవాటా జట్టు అంతకంటె ముచ్చటైనది చేసింది. ప్లాస్టిక్ పొరలో మూడు రంగుల హోలోగ్రాం రాసి, వెండి పొర వేసి, మూడు వేరువేరు వాలులలో మామూలు తెల్ల వెలుగునే పంపినారు. యే వాలులో యే రంగు పాకగలదో వెండే యేరుకుంటుంది. ఒకదాంట్లో ఎరుపు, ఒకదాంట్లో ఆకుపచ్చ, ఒకదాంట్లో నీలం. మూడూ కలిసి సహజమైన రంగులలో బొమ్మ లేచింది. చూడడానికి లేసరే అక్కరలేకపోయింది.

బరంపురం సోదరికి జవాబు యిది: అమ్మా, మీరు గీకిన బిళ్ల యీ జాతిది కాదు. అది అచ్చుతో వొత్తి తీసిన మిట్టపల్లాలమీద లోహపు పూత, మామూలు వెలుగు పని. కాని మీ ప్రశ్న మటుకు సరైనది. ఆ బిళ్లకంటె వంద రెట్లు పలచనైనా బొమ్మ నిలుస్తుంది. రాసే వెలుగు కూడా అంత పలచగా వుండాలి, అంతే.

ఆ పిల్లవాడు యిప్పుడు యెక్కడ వున్నాడో నాకు తెలియదు. చదువు మధ్యలో మాని, పవర్‌లూము మీద పనికి పోయినాడని విన్నాను. పేరు గుర్తున్నది కాని యిక్కడ రాయను. మన పత్రిక షోలాపురంలో చాలా యిళ్లకు పోతుంది. యిది అతని చేతికి అందితే, ఆ రెండు మార్కులు వేసినాను, వచ్చి కనబడమని మనవి.

గ్లాసు ప్రయోగం చేసినవారు ఫలితం రాసి పంపండి. చారల గ్లాసు పనికిరాదు, నున్నటిదే కావాలి.